చెప్పకుండా ఖాళీ చేసిన వాటా

అద్దె ఇంట్లో మనిషి పోకూడదు. ఈ మాట ఏ అగ్రిమెంటులోనూ ఉండదు. మేకులు కొట్టకూడదు, చుట్టాలొస్తే నాలుగు రోజులకు మించి ఉండకూడదు, మోటారు మీ అంతట మీరు వెయ్యకూడదు అని వేళ్లు మడిచి మరీ చెప్పే ఇంటివాళ్లు కూడా ఇది మాత్రం నోటితో అనరు. మా కృష్ణా డెల్టాలో పుట్టినవాళ్లకి చెప్పనక్కర్లేదు కూడా. చెడ్డ నక్షత్రంలో ప్రాణం పోయిందంటే ఆ ఇల్లు మూడు నెలలో, ఆరు నెలలో తాళం వేసి విడిచిపెట్టాలి. అద్దెకున్నవాళ్లు సరే, తట్టాబుట్టా సర్దుకుని ఇంకో గుమ్మం ఎక్కుతారు. అదే ఇంట్లో ముందు వాటాలో కాపురముంటున్న ఇంటివాళ్లు ఏ గంగలో దూకుతారు? అందుకని జబ్బు ముదిరిన మనిషిని, ఇంకా ఊపిరి ఉండగానే, సొంత ఊరికి తరలించేస్తారు. దాన్ని మర్యాద అంటారు. మేం క్రైస్తవులం, తిథులూ నక్షత్రాలూ మాకు లేవు. అయినా నలుగురి మధ్య బతికినవాళ్లం కాబట్టి ఆ మర్యాద మాకూ అంటుకుంది. మా అమ్మ విషయంలో నేను చేసిందదే. ఎంత మర్యాదగా చేశానో చెప్తాను, వినండి.

గుడివాడలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నాకు కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంటు ఉద్యోగం వచ్చిన ఏడే నాన్న పోయాడు. నాగాయలంక దగ్గర మా ఊళ్లో చిన్నాన్న ఇల్లుంది, అమ్మని అక్కడ ఉండమన్నారు. అమ్మ ఉండనంది. ఊళ్లో అంగన్‌వాడీలో ఆయాగా చేసిన మనిషి, ఒకరి వంటింట్లో ఒదిగి ఉండటం ఆమె వల్ల కాదు. "పద, నీతోనే వస్తాను. నీకు వండిపెడతాను, నాకూ ఊళ్లో వాళ్ల మొహాలు తప్ప ఇంకో మొహం చూసినట్టుంటుంది" అంది.

ఇల్లు చూడ్డానికి వెళ్లిన రోజు ఇంటావిడ అరుగు మీద కూర్చుని చేతులకి నిమ్మచెక్క రుద్దుకుంటోంది. బందరు పక్కన సముద్రపు ఒడ్డు పల్లె ఆమెది. మొగుడూ పెళ్లాలిద్దరూ తెల్లవారకముందే రేవుకి పోయి చేపలు తెచ్చి గుడివాడ మార్కెట్లో అమ్ముతారు. మా ఇద్దరినీ ఎగాదిగా చూసి, "కులం ఏంటో మతం ఏంటో నేనడగను. నా చేపల కంపు సంగతి మీరడగొద్దు. సరేనా?" అంది. అమ్మ పకపకా నవ్వింది. "మాదీ సముద్రం దగ్గరేనండీ. ఆ వాసన లేకపోతే మాకు అన్నం దిగదు" అంది. అంతే, వెనక వాటా మాదైపోయింది. వారం తిరక్కుండా ఇద్దరూ వదినా అంటే వదినా అనుకోవడం మొదలుపెట్టారు. దాంతో ఆవిడ నాకు అత్తయ్య అయింది, నేను ఆవిడకి కోడలుపిల్లనయ్యాను. ఆవిడకున్నది ఒక్క కూతురే, కొడుకు లేడు. అయినా కోడలుపిల్లా అనే పిలిచేది.

ముందు వాటాకీ మా వాటాకీ మధ్య ఒకటే గోడ. గేటు ఒకటి, పెరడు ఒకటి, బాత్రూము ఒకటి, డాబా ఒకటి. అత్తయ్యావాళ్లు మధ్యాహ్నం రెండింటికి ఇల్లు చేరి, స్నానం చేసి, ఇంత తిని పడుకుంటే మళ్లీ నాలుగింటికి లేవడం. ఆ రెండు గంటలూ అమ్మకి పరీక్ష హాలే. గేటు గడియకి పాత సైకిలు ట్యూబు ముక్క చుట్టింది, చప్పుడు రాకుండా. ఆ వేళ అంట్లు తోమేది కాదు, మిక్సీ వేసేది కాదు. దగ్గొస్తే కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది. క్యాలెండరుని కిటికీ ఊచకి దారంతో కట్టింది గాని ఏడేళ్లలో గోడకి ఒక్క మేకు దిగనివ్వలేదు. డాబా మీద మా బట్టల నీళ్లు వాళ్ల చీరల మీద కారకుండా తాడు ఆ చివరికి జరుపుకుంది. మోటారు వేసినప్పుడు వాళ్ల డ్రమ్ములు నిండాకే మా బిందె. కుటుంబ ప్రార్థనలో పాట పాడేటప్పుడు గొంతు ఎంత తగ్గించేదంటే, పక్కనే కూర్చున్న నాకే ఏ చరణంలో ఉన్నామో తెలిసేది కాదు.

నాకసలే నోరెక్కువ. "మనం అద్దెకొచ్చామా, దొంగతనానికొచ్చామా?" అని విసుక్కునేదాన్ని. ఆమె మాత్రం నింపాదిగా, "మన వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండకూడదే. అంతే" అనేది. ఆ ఏడేళ్లలో ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. విన్నప్పుడల్లా ఒళ్లు మండేది.

ఇక నాలుగయ్యేది. అత్తయ్య లేచి పెరటి తలుపు ధడేల్మని తీసి, సందు చివరిదాకా వినపడేలా, "వదినో! ఉన్నావా, ఊరెళ్లావా? మనిషున్న అలికిడే లేదు!" అని కేక పెట్టేది. ఇంత జాగ్రత్తా ఆ ఒక్క కేకతో గాల్లో కలిసిపోయేది. అమ్మ రెండు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి వెనక మెట్ల మీద కూర్చునేది. అత్తయ్య ఒక మెట్టు కింద. మార్కెట్లో ఎవరు ఎవరితో పోట్లాడారో, పీతల గంపలోంచి పీత పారిపోయి పోలీసాయన బూటెక్కిన కథో, ఏదో ఒకటి. చెప్పేది అత్తయ్య, నవ్వేది అమ్మ. నేను కాలేజీ నుంచి వస్తుంటే సందు మలుపులోనే ఆ నవ్వు వినపడేది. పగలంతా గొంతు నొక్కుకుని బతికే మా అమ్మ ఆ అరగంటా మనిషిలా నవ్వేది.

ఒకసారి అమ్మకి జ్వరం వచ్చింది. నేను కాలేజీలో ఉన్నాను. గోడకి అవతల అత్తయ్య ఉన్నా పిలవలేదు, నిద్ర పాడవుతుందని. నాలుగింటికి కేకకి జవాబు రాకపోతే అత్తయ్యే వచ్చి చూసింది. ఒళ్లు పెనంలా కాలిపోతోందట. నేను వచ్చేసరికి అమ్మ నుదుటి మీద తడిగుడ్డ, నోట్లో మాత్ర, పక్కన అత్తయ్య, ఆవిడ నోట్లో తిట్లు. "ఏంటే వదినా నువ్వు? మాడిపోతూ పడున్నావు, ఒక్క కేక వెయ్యలేవా? గోడ ఎందుకుందీ? కొట్టడానికే ఉంది. నా నిద్ర పోతే పోయింది, రేపు పడుకుంటాను!" అమ్మ నీరసంగా నవ్వుతూ, "కొడతాలే వదినా, ఈసారి కొడతాలే" అంది. ఎక్కడ కొట్టిందీ, ఒక్కనాడూ కొట్టలేదు.

ఇప్పుడు నేను బందర్లో ఒక అపార్ట్‌మెంట్లో మూడో అంతస్తులో ఉంటున్నాను. ఎదురు ఫ్లాటువాళ్లని లిఫ్టులో చూస్తే గుర్తుపడతాను, అంతకుమించి తెలియదు. బండి అడ్డం పెట్టారని, చెత్త బయట పెట్టారని వాట్సాప్ గ్రూపులో మర్యాదగా మెసేజీలు పెట్టుకుంటాం. ఎవరి వల్లా ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు. సెలవు రోజు సాయంత్రం నాలుగయితే మాత్రం ఇంట్లో ఉండలేను. చెప్పులేసుకుని ఎటో ఒకవైపు నడుస్తాను. ఎవరైనా తలుపు ధడేల్మని తీసి అమ్మని పిలిస్తే బాగుండు అనిపిస్తుంది. అమ్మ లేదుగా, ఎవరిని పిలుస్తారు?

ఏడో ఏడు అమ్మకి లివర్ పాడైంది. ఆకలి లేదంటే ఎండలనుకున్నాం, కళ్లు పచ్చబడితే కామెర్లనుకున్నాం. విజయవాడలో డాక్టరు స్కాను చూసి నన్నొక్కదాన్నే లోపలికి పిలిచాడు. "ఇక తిప్పకండమ్మా. ఇంట్లో ఉంచుకోండి. రెండు వారాలు, మహా అయితే మూడు" అన్నాడు. గుడివాడ తిరిగొచ్చేదాకా బస్సులో అమ్మ నా భుజం మీద తల పెట్టుకునే ఉంది. నన్ను ఏమీ అడగలేదు. తెలిసే ఉంటుంది.

సరిగ్గా అప్పుడే అత్తయ్య కూతురు పురిటికొచ్చింది. ఎనిమిది నిండుతున్నాయి. ఇల్లంతా సున్నం వేయించారు, మా వాటాకి కూడా. ముందు వాటాలో పుట్టబోయే బిడ్డకని పాత చీరలు చించి మెత్తటి గుడ్డలు మడతలు పెడుతున్నారు. వెనక వాటాలో నేను అమ్మకి గ్లాసుతో నీళ్లు పట్టలేక స్పూనుతో పోస్తున్నాను. ఆ గోడకి ఇటూ అటూ తిరుగుతూ అత్తయ్య ఇద్దరినీ చూసుకునేది. మధ్యాహ్నం మార్కెట్ నుంచి వచ్చి అమ్మకి తల దువ్వేది, సాయంత్రం వచ్చి కాళ్లు పట్టేది. మెట్ల మీదకి రాలేని మనిషి కోసం టీ గ్లాసు మంచం దగ్గరికి తెచ్చుకుని, తనే తాగుతూ, తనే కబుర్లు చెప్పేది.

నాకు లోపల ఒకటే లెక్క నడుస్తోంది. అమ్మ ఇక్కడ పోతే? ఏ నక్షత్రంలో పోతుందో ఎవరికి తెలుసు? నిండు చూలాలు, రేపు పసిగుడ్డుని పట్టుకుని ఇల్లు విడిచి ఏ గుమ్మం ఎక్కుతుంది? అత్తయ్య నోరు తెరిచి పొమ్మనదు. ఆవిడ అనేదాకా తెచ్చుకోకూడదు. ఆవిడ మొహంలో ఎక్కడైనా ఆ భయం కనపడుతుందేమోనని రోజూ వెతికేదాన్ని. ఒకరోజు అత్తయ్యా, మావయ్యా పెరట్లో ఏదో గుసగుసలాడుకుంటూ నన్ను చూసి ఆపేశారు. ఇంకోరోజు నేను మందుల షాపు నుంచి వచ్చేసరికి అత్తయ్య అమ్మ చెవి దగ్గర వంగి ఉంది, నేను రాగానే లేచి కళ్లు తుడుచుకుని వెళ్లిపోయింది. ఓహో, అర్థమైపోయింది అనుకున్నాను. అర్థమైంది నా మొహం!

ఆ రాత్రే ఊళ్లో చిన్నాన్నకి ఫోను చేశాను. తీసుకురమ్మన్నాడు. పొద్దున్నే అమ్మ పక్కన కూర్చుని, "అమ్మా, ఊరెళ్దాం" అన్నాను. అప్పటికి ఆమె గొంతు దారంలా సన్నబడిపోయింది. తల అడ్డంగా ఊపింది. "ఇక్కడే ఉంటా" అంది.

"ఇక్కడ కుదరదమ్మా. అత్తయ్యావాళ్ల అమ్మాయి పురిటికొచ్చింది కదా. మన వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండకూడదని నువ్వేగా అంటావు?"

అమ్మ నా చెయ్యి పట్టుకుని, "వదినతో..." అని ఏదో మొదలుపెట్టింది. ఆయాసం వచ్చింది. దమ్ము తీసుకుని మళ్లీ "నేను వదినతో" అంది. నేను ఆగాల్సింది. ఒక్క నిమిషం ఆగితే ఆ మాట పూర్తయ్యేది. "అత్తయ్యకి నేను చెప్తాలే, నువ్వు మాట్లాడకు, అలసిపోతావు" అని దుప్పటి సర్ది లేచిపోయాను. ఎప్పుడూ నోరు మూసుకోని నేను, అమ్మ నోరు మూయించాను.

రెండు రోజుల తర్వాత అత్తయ్య, "అమ్మాయిని తీసుకుని బందరు వెళ్తున్నాను. సాయంత్రానికి వచ్చేస్తాను. వదినని కనిపెట్టుకుని ఉండవే" అని చెప్పి వెళ్లింది. చెకప్‌కేమో అనుకున్నాను. మావయ్య మార్కెట్లో ఉన్నాడు. ఇంతకన్నా మంచి సమయం దొరకదనిపించింది. ఆవిడ ఎదురుగా వెళ్తే ఉండమనాల్సి వస్తుంది, అనలేక అనాల్సి వస్తుంది. ఆ ఇబ్బంది కూడా ఎందుకు? చిన్నాన్నకి ఫోను చేస్తే మధ్యాహ్నానికి వ్యాను కట్టించుకుని వచ్చాడు.

చిన్నాన్న తల వైపు, డ్రైవరు కాళ్ల వైపు పట్టుకుని మంచం మీద నుంచి అమ్మని దుప్పటితో సహా ఎత్తారు. గుమ్మం దాటేటప్పుడు అమ్మ చెయ్యి చాపి ద్వారబంధం పట్టుకుంది. పడిపోతానని భయపడుతోంది అనుకున్నాను. "వదులమ్మా, ఏం కాదు" అన్నాను. వదల్లేదు. ఆ పుల్లలాంటి చేతిలో అంత బలం ఎక్కడి నుంచి వచ్చిందో! వాళ్లు లాగుతుంటే ఆమె చేతి గాజు గోడకి రాసుకుంటోంది. "గోడకి గీతలు పడుతున్నాయి, కొత్త సున్నం, వదులమ్మా" అని ఆమె వేళ్లు ఒక్కొక్కటే నేనే విడదీశాను. ఆ మాట నేనే అన్నాను. ఇంకెవరో అని ఉంటే వాళ్లని ఈపాటికి చీల్చి చెండాడి ఉండేదాన్ని.

అంతటితో అయిందా? అవలేదు. అమ్మని వ్యాన్లో పడుకోబెట్టి, నేను మళ్లీ లోపలికెళ్లి రెండు గదులూ ఫినాయిలు పెట్టి తుడిచాను. ఇల్లు శుభ్రంగా అప్పజెప్పాలి కదా! ఆ పావుగంటా అమ్మ ఎండలో వ్యాన్లో పడి ఉంది. మంచం, గిన్నెలు తర్వాత తీసుకెళ్తానని, అత్తయ్యకి ఇబ్బంది కలగకూడదనే చెప్పకుండా వెళ్తున్నానని మావయ్యకి కాగితం రాసి, తాళంచెవి దాని మీద పెట్టి, ముందు కిటికీలో ఉంచాను. గేటు గడియ చప్పుడు లేకుండా వేశాను.

పామర్రు దాటాం, చల్లపల్లి దాటాం. అవనిగడ్డ వచ్చేదాకా అమ్మ కళ్లు తెరిచే ఉన్నాయి, వ్యాను పైకప్పు చూస్తూ. నా వైపు చూడలేదు.

చిన్నాన్న ఇంట్లో ఏ లోటూ చెయ్యలేదు, అబద్ధం చెప్పకూడదు. ముందు గదిలోనే మంచం వేశారు. సంఘం వాళ్లు వచ్చి ప్రార్థన చేసేవాళ్లు, పాటలు గట్టిగానే పాడేవాళ్లు. అది సొంత ఊరు, సొంత ఇల్లు, ఎవరికీ భయపడక్కర్లేదు. అమ్మ మాత్రం గుమ్మం వైపే చూస్తూ ఉండేది. మొదటి సాయంత్రం, "వదినేది?" అని అడిగింది. "అత్తయ్యకి పురిటి పనులమ్మా. మనం ఇబ్బంది పెట్టకూడదు" అన్నాను. రెండో రోజు మళ్లీ అడిగింది. మళ్లీ అదే చెప్పాను. నాలుగో రోజు అడిగినప్పుడు మాట బయటికి రాలేదు, పెదాలు కదిలాయంతే. నేను చెప్పబోయేది ముందే తెలిసినట్టు కళ్లు మూసుకుంది.

అత్తయ్య మొదటి రోజు సాయంత్రమే మూడుసార్లు ఫోను చేసింది. ఎత్తలేదు. ఎత్తితే రమ్మంటుంది, మొహమాటపెడుతుంది అని సైలెంటులో పెట్టి, 'క్షేమంగా చేరాం' అని మెసేజీ కొట్టాను. ఆవిడకి చదవడం రాదని నాకు తెలుసు. మూడో రోజు ఎత్తాను. ఏదో ఆసుపత్రి వరండాలో ఉన్నట్టుంది, అంతా గోలగా ఉంది. "చెప్పకుండా ఎట్టా వెళ్లావే? ముందు వదినకివ్వు ఫోను" అంది. అమ్మ మేలుకునే ఉంది, నన్నే చూస్తోంది. "నిద్రపోతోంది అత్తయ్యా. ఇక్కడ బాగానే ఉంది. మీరు అమ్మాయిని చూసుకోండి" అన్నాను. అవతల ఎవరో ఆవిడని గట్టిగా పిలిచారు. అమ్మాయికి నెల ముందే నొప్పులొచ్చాయి, ఆ సంగతి తర్వాత తెలిసింది. ఫోను పెట్టేసింది. ఆరో రోజు పొద్దున పది గంటలకి అమ్మ పోయింది.

మట్టి చేసిన వారానికి ఇంటి ముందు షామియానా వేసి ఆదరణ కూడిక పెట్టారు. పాస్టరుగారి ప్రార్థన అయ్యి, భోజనాలు సగంలో ఉన్నాయి. ఆటో దిగి అత్తయ్య వస్తోంది. పుట్టిన బిడ్డకి పురిటి రోజులు ఇంకా తీరనేలేదు. ఆ రోజుల్లో చావు ఇంటి గడప తొక్కడమంటే వాళ్లలో ఎంత పట్టింపో నాకు తెలుసు. నేను ఎదురెళ్లి, "మీరెందుకొచ్చారు అత్తయ్యా, పాపకి..." అన్నాను.

"నోరుముయ్యి" అంది.

నన్ను పక్కకి లాక్కెళ్లి పశువుల పాక దగ్గర నిలబెట్టింది. ఆవిడ మొహం ఎర్రగా కందిపోయి ఉంది. "మీ అమ్మ నన్నడిగింది, తెలుసా? మీరు విజయవాడ నుంచి వచ్చిన మర్నాడే అడిగింది. 'వదినా, నేను ఇక్కడే, నీ దగ్గరే పోతాను. నీకు పట్టింపు ఉంటే చెప్పు' అంది. ఉంది వదినా, అన్నాను. నేనెందుకు అబద్ధమాడతాను? పట్టింపుంది, అయినా ఉండు అన్నాను. ఇల్లు విడవాల్సొస్తే విడుస్తాం, ఇటుకలే కదా అన్నాను."

"నాతో చెప్పలేదే ఎవరూ" అన్నాను.

"నీకు చెప్పొద్దంది. చెబితే ఆ రోజే వేరే ఇల్లు వెతుకుతుంది, అది నా కూతురు, నాకు తెలుసు అంది. మీ మావయ్య ముందు గునిశాడు. రెండు రోజులు పోరితే ఒప్పుకున్నాడు. ఆ రోజు నేను అమ్మాయిని బందరు ఎందుకు తీసుకెళ్లాననుకున్నావు? మా చెల్లెలింట్లో దింపడానికి. పురుడు అక్కడే పోసుకుంటుందని దిగబెట్టి, ముందు గది ఖాళీ చేసి వదినని ఫ్యాను కింద పడుకోబెడదామని, వెనకాల మీ గదిలో గాలి రాదని, పరిగెత్తుకుంటా వచ్చాను. వచ్చి చూస్తే ఏముందీ? ఫినాయిలు వాసన!"

అమ్మ పూర్తి చెయ్యలేకపోయిన మాట ఇదన్నమాట. మా అమ్మ జీవితంలో ఒకే ఒక్కసారి ఇంకొకరిని ఇబ్బంది పెడతానని నోరు తెరిచి అడిగింది. ఒప్పించుకుంది కూడా. నేను జీవితంలో ఒకే ఒక్కసారి ఆమె చెప్పినట్టు మర్యాదగా నడుచుకున్నాను. పాక గుంజ పట్టుకుని ఏడ్చాను. అత్తయ్య ఓదార్చలేదు. ఏడవనిచ్చింది. తర్వాత గొంతు తగ్గించి, "ఒకటడుగుతాను, నిజం చెప్పు. ఆఖర్న నన్నడిగిందా?" అంది.

అబద్ధం చెప్పొచ్చు. మత్తులోనే ఉంది అత్తయ్యా, ఎవర్నీ గుర్తుపట్టలేదు అని ఉంటే ఆవిడకి కాస్త తేలిగ్గా ఉండేదేమో. కానీ ఎదుటివాళ్లకి తేలిగ్గా ఉండాలని నేను చేసినవి అప్పటికే చాలనిపించింది.

"అడిగింది. మూడుసార్లడిగింది."

"ఏం చెప్పావు?"

"మీకు పురిటి పనులున్నాయి, ఇబ్బంది పెట్టొద్దన్నాను."

అత్తయ్య కొంగు నోట్లో కుక్కుకుంది. భుజాలు ఎగిరెగిరి పడ్డాయి. కాసేపటికి మొహం తుడుచుకుని, "ఇబ్బంది పడేదాన్నే. చాలా ఇబ్బంది పడేదాన్ని. పడతానని వదినకి మాటిచ్చాను. వద్దనడానికి మధ్యలో నువ్వెవరివే?" అంది.

అత్తయ్య నా రెక్క పట్టుకుని, "ఎక్కడ పెట్టారో చూపించు, పద" అంది. షామియానాలో ఇంకా వడ్డిస్తున్నారు. సమాధుల తోట వైపు నేను ముందు నడిచాను.